కుక్క పాదము – ఈత విద్య

"చేపపిల్లకు ఈత నేర్పాలా?" అన్నది మన పెద్దల సామెత. కుక్కపిల్ల విషయంలో కూడా చాలామంది ఇట్లే తలుస్తారు. నీటిలో పడవేస్తే చాలు, కుక్క తనంతట తానే ఈదుకొని బయటికి వస్తుందని వారి నమ్మకం. మేము కూడా కొంతకాలం క్రితం వరకు ఇట్లే నమ్మినవారమే. ఈ నమ్మకంలో నిజమెంత, పొరపాటెంత అని మమ్ములను ఆలోచింపజేసినది యాదగిరిగుట్టకు సమీపంలోని ఒక పల్లెలో జరిగిన చిన్న సంఘటన.

అది ఎండాకాలం. కొందరు విద్యార్థులతో కలిసి ఆ పల్లెకు వెళ్ళిన మాకు, పొలాల మధ్యనున్న ఒక పాత మోటబావి చుట్టూ జనం గుమిగూడి కనిపించారు. బావికి నాలుగువైపులా నిట్టనిలువు రాతికట్టు; ఏడెనిమిది గజాల క్రింద నీరు. ఆ నీటిలో ఒక ఊరకుక్క గోడవెంట గుండ్రంగా తిరుగుతూ ఈదుతున్నది. మా వెంటనున్న విద్యార్థి ఒకడు, "కుక్కకు పుట్టుకతోనే ఈత వస్తుంది కదా సార్, దానికేమి భయం?" అన్నాడు. మేము బదులు చెప్పకముందే ప్రక్కనున్న వృద్ధ రైతు, "ఈత వస్తది బిడ్డా, కాని యాడ ఎక్కాలె?" అన్నాడు. ఆ తరువాత ఆయనే ఒక నులకమంచం తెప్పించి, నాలుగు కోళ్ళకు తాళ్ళు కట్టించి లోనికి దింపించాడు. కుక్క మొదట బెదిరింది. చివరకు అలసి మంచం మీదికి ప్రాకింది. పైకి లాగగానే ఒళ్ళు విదిలించుకొని, ఎవరివంకా చూడకుండా పొలాలకు అడ్డంపడి పరుగెత్తింది. ఆ రైతు అడిగిన ప్రశ్న మాత్రం మా వెంట కళాశాల వరకు వచ్చింది.

ఈతకు పేరు పొందిన కుక్కజాతులు లోకంలో ఎన్నో కలవు. వాటి కాలివేళ్ళ మధ్య బాతుపాదానికి వలె పలుచని చర్మపు పొర ఉంటుందని, అందువల్లనే అవి అంత బాగా ఈదగలవని చెబుతారు. ముందుగా ఈ పొర సంగతి తెలుసుకుందాము.

జంతువు గర్భస్థ దశలో ఉన్నప్పుడు దాని పాదం మొదట తెడ్డు ఆకారంలో ఉంటుంది. వేళ్ళు విడివిడిగా మొలవవు. ఆ తెడ్డులోనే ఎముకలు ఏర్పడి, వాటి నడుమనున్న జీవకణాలు క్రమంగా నశించిపోగా వేళ్ళు విడివడుతాయి. శిల్పి రాతిని చెక్కి బొమ్మను తీసినట్లు ప్రకృతి పాదాన్ని చెక్కుతుందన్నమాట. మానవశిశువు చేతివేళ్ళు కూడా గర్భంలో ఎనిమిదవ వారం నాటికి ఇట్లే విడివడుతాయి. కోడిపిల్ల పాదంలో ఈ చెక్కుడు పూర్తిగా జరుగుతుంది. బాతుపిల్ల పాదంలో మాత్రం గ్రెమ్లిన్ అనే ప్రోటీను అడ్డుపడి ఆ కణాలను నశింపనీయదు. కావున పొర నిలిచిపోతుంది. కుక్కల సంగతి ఈ రెండింటికి మధ్యస్థం. ఏ కుక్క పాదాన్ని పట్టి చూచినా వేళ్ళ మొదళ్ళలో కొంత చర్మం కనబడుతుంది. కొన్ని జాతులలో అది వేళ్ళ చివరల దాకా సాగి ఉంటుంది. అనగా పొర గల కుక్కలు, పొర లేని కుక్కలు అని రెండు తెగలు లేవు. ఉన్నది హెచ్చుతగ్గుల భేదమే.

ఈ పొర వలన ప్రయోజనమేమి? నీటి సాంద్రత గాలి సాంద్రతకు సుమారు 800 రెట్లు. ఈదే ప్రాణి నీటిని వెనుకకు నెడితే నీరు దానిని ముందుకు నెడుతుంది. ఇది న్యూటను మూడవ నియమమే. ఆ నెట్టుడు బలం రెండింటిపై ఆధారపడుతుంది: ఒకటి పాదపు వైశాల్యం, రెండవది పాదం కదిలే వేగం. వైశాల్యం రెండింతలైతే బలం దాదాపు రెండింతలవుతుంది. వేగం రెండింతలైతే బలం నాలుగింతలవుతుంది. కుక్క కాలిని వెనుకకు తోసినప్పుడు వేళ్ళు విచ్చుకొని పొర విసనకర్రవలె పరచుకుంటుంది. ముందుకు తెచ్చినప్పుడు వేళ్ళు ముడుచుకొని నీటి నిరోధం తగ్గుతుంది. పడవవాడు తెడ్డును నీటిలో వెడల్పువైపు తిప్పి లాగి, తిరిగి తెచ్చేటప్పుడు అంచువైపు త్రిప్పడం వంటిదే ఈ నేర్పు.

అయితే పొర ఎక్కువగా గల కుక్క ఒక రీతిగా, తక్కువగా గల కుక్క మరొక రీతిగా ఈదుతాయా? అమెరికాలో ఫ్రాంక్ ఫిష్ అనే జీవశాస్త్రవేత్త, ఆయన సహచరులు ఈ విషయాన్ని పరిశీలించారు. చిన్న యార్క్‌షైర్ టెర్రియర్ మొదలు భారీ న్యూఫౌండ్‌లాండ్ వరకు ఆరు జాతులకు చెందిన ఎనిమిది కుక్కలను ఈదించి, నీటిలోపలి నుండి చిత్రాలు తీశారు. జాతులు వేరైనా ఈదే తీరు మాత్రం దాదాపు ఒక్కటేనని తేలింది. నేలమీద దుడుకునడకలో కుక్క కుడి ముందుకాలిని, ఎడమ వెనుకకాలిని జతగా కదుపుతుంది. నీటిలోను అదే నడక, కాళ్ళ ఊపు మాత్రం మరింత విశాలం. అనగా కుక్క ఈతకోసం కొత్త విద్య నేర్వలేదు. నేలమీది నడకనే నీటిలోనికి తీసుకొనిపోయింది. ఊరకుక్క ఈదగలగడంలోని రహస్యమిదే.

ఇక్కడ మన భాషలోని ఒక చక్కని మాటను గుర్తు చేయవలసి ఉన్నది. నదీతీరాలలో చేపలు పట్టి తినే ఒక జంతువును మనవారు నీటికుక్క అని పిలుస్తారు. గోదావరి ముఖద్వారమున గల కోరింగ అభయారణ్యం వీటికి పేరు పొందినది. అయితే ఇది కుక్క కాదు. ముంగిసను పోలిన పొడవైన శరీరం గల వేరొక కుటుంబపు జంతువు. దాని వేళ్ళ మధ్య పొర సంపూర్ణంగా ఉంటుంది. తోక బలిష్ఠంగా ఉండి చుక్కానివలె పనిచేస్తుంది. ఈతకుక్కలను ఎంపిక చేసి పెంచినవారు ఏ లక్షణాలను కోరుకున్నారో తెలుసుకొనుటకు ఈ నీటికుక్కయే మంచి కొలబద్ద.

లాబ్రడార్ రిట్రీవర్ తోకను ఆంగ్లేయులు నీటికుక్క తోకతోనే పోలుస్తారు. మొదట లావుగా, చివరకు సన్నగా ఉండే ఆ తోక నీటిలో దిక్కు మార్చుటకు ఉపకరిస్తుంది. కెనడాకు తూర్పున గల న్యూఫౌండ్‌లాండ్ ద్వీపంలో, వలలు లాగుటలోను, గాలం నుండి జారిన చేపలను పట్టి తెచ్చుటలోను జాలరులకు తోడ్పడిన కుక్కల సంతతి ఇది. ఇంగ్లండులోని కెన్నెల్ క్లబ్బు 1903లో దీనిని ప్రత్యేకజాతిగా గుర్తించింది. మన పోలీసు శాఖలలో వాసన పట్టే పనికి వాడే లాబ్రడార్ కుక్క పూర్వీకులు సముద్రపు పనివారన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. అదే ద్వీపం పేరు గల న్యూఫౌండ్‌లాండ్ జాతి మరింత భారీది. మగకుక్క 60 కిలోలకు పైబడి తూగుతుంది. ఆంగ్లకవి బైరన్ తన న్యూఫౌండ్‌లాండ్ కుక్క బోట్‌స్వైన్ 1808లో మరణించగా దానికి స్మారకం కట్టించాడు.

చెసపీక్ బే రిట్రీవర్ అనే జాతికథ 1807లో అమెరికాలోని మేరీలాండ్ తీరాన మునిగిపోయిన ఒక ఓడ నుండి రక్షింపబడిన రెండు కుక్కపిల్లలతో ఆరంభమవుతుంది. గడ్డకట్టే చలినీటిలో కూలిన బాతులను నోట కరచి తెచ్చుట దీని పని. పోర్చుగల్ దేశపు నీటిశునకం ఆల్గార్వ్ తీరపు జాలరులకు సహచరి. ఒక పడవ నుండి మరొక పడవకు సందేశం చేరవేయుట, తెగిపోయిన వలను తెచ్చుట దాని విధులు. మరపడవలు రాగా 1930 ప్రాంతానికి ఈ జాతి అంతరించే దశకు వచ్చింది. వాస్కో బెన్సౌదె అనే ధనికుడు మిగిలినవాటిని చేరదీసి పెంచినందున నిలిచింది. ఆటర్‌హౌండ్ కథ దీనికి భిన్నం. నీటికుక్కలను వేటాడుటకే దానిని పెంచారు. 1978లో ఇంగ్లండులో ఆ వేట నిషేధింపబడగా దాని పని ముగిసింది. నేడు అది అరుదైన జాతులలో ఒకటి. పని ఉన్నంతవరకే జాతికి ఆదరణ అన్న సత్యం ఈ రెండు కథలలోను కనబడుతుంది.

ఈ జాతులన్నింటికి వేళ్ళ మధ్య పొర బాగా పెరిగి ఉన్నమాట నిజమే. అయితే పొర ఒక్కటే వాటిని ఈతగాండ్రను చేయలేదు. నీరు దేహపు వేడిని గాలికంటె సుమారు 25 రెట్లు త్వరగా గుంజుకొంటుంది. కావున చలినీటిలో పనిచేసే కుక్కకు జిడ్డుగల పైవెంట్రుకలు, వాటి క్రింద మెత్తని దట్టమైన లోవెంట్రుకలు కావలెను. ఆ రెండు పొరల నడుమ చిక్కుకొన్న గాలి కంబళివలె కాపాడుతుంది. పొడవైన కాళ్ళు, విశాలమైన ఛాతీ, శ్వాసకు అడ్డులేని మూతి కూడా కావలెను. బుల్‌డాగ్, పగ్ జాతులను చూడండి. బరువైన తల, చదునైన ముఖం, కురచ కాళ్ళు. ముక్కును నీటిపై నిలుపుటకు తల ఎత్తితే వెనుకభాగం మునుగుతుంది. ఇట్టి కుక్కలు కొద్ది నిమిషాలలోనే మునిగిపోవచ్చు. కావున కుక్కలన్నీ ఈదగలవన్న మాటను నమ్మి వాటిని నీటిలో విసరుట క్రూరత్వమే అవుతుంది.

మన తెలుగునాట నీటితో ముడిపడిన కుక్కజాతి లేదా అని అడుగవచ్చు. కలదు. కొల్లేటి పరిసరాలలోని జోనంగి అట్టిదే. ఒంటికి అంటుకొన్నట్లుండే అతిపొట్టి వెంట్రుకలు, సన్నని దేహం, నేలలో గుంటలు త్రవ్వుకొని అందులో పడుకొనే అలవాటు, మామూలు మొరుగుకు భిన్నమైన ఒక వింత కూత దీని గుర్తులు. బాతులు పెంచేవారు మందలను తోలుటకు దీనిని వాడుకొన్నారు. కొల్లేటి ప్రాంతంలో చేపల చెరువులు పెరిగి బాతుల మందలు తగ్గగా, పోర్చుగల్ కుక్కకు వలెనే దీనికి కూడా పని తగ్గిపోయింది. దాని వాస్కో బెన్సౌదె ఇంకా రావలసి ఉన్నది.

ఇటలీలో 1989లో ఫెర్రూచ్చియో పిలెంగా స్థాపించిన శిక్షణాలయంలో న్యూఫౌండ్‌లాండ్, లాబ్రడార్ వంటి కుక్కలకు నీటిలో మనుష్యులను రక్షించుట నేర్పుతారు. పుట్టుకతోనే పొర, తోక, ఒళ్ళు అన్నీ గల కుక్కలకు కూడా అక్కడ చాలాకాలం శిక్షణ ఇస్తారు. కుక్క ఒంటరిగా పోదు. దాని యజమాని తోడుగా ఉంటాడు. నేర్పేది కేవలం ఈదుట కాదు; మునిగేవానిని చేరి, వానిని గట్టుకు చేర్చుట. ఇక్కడికి మనము ఆ వృద్ధ రైతు ప్రశ్నకు తిరిగి వచ్చాము. ఈత వేరు, గట్టెక్కుట వేరు. ఈత పాదంలో ఉన్నది. గట్టు పాదంలో లేదు. అది బావి కట్టినవాని చేతిలో ఉన్నది. దిగుడుబావిలో పడిన కుక్క మెట్లవెంట నడచి వస్తుంది. చెరువులో పడినది ఏటవాలు కట్టను పట్టుకొంటుంది. నిలువుగోడల మోటబావిలో పడినది ఎంత పొర ఉన్నా అలసిపోయేవరకు తిరుగుతుంది, అంతే.

సహీహ్ బుఖారీలోని ఒక హదీసులో దాహంతో మట్టిని నాకుతున్న కుక్కకోసం ఒక బాటసారి తిరిగి బావిలోనికి దిగిన వృత్తాంతం కలదు. అతడు తన తోలుమేజోడులో నీరు నింపి, దానిని పళ్ళతో కరచుకొని పైకి ఎక్కి, కుక్కకు త్రాగించాడు. ఆ మేలుకు దైవక్షమ లభించినది. మేజోడును పళ్ళతో ఎందుకు కరచుకొన్నాడు? ఎక్కుటకు రెండు చేతులూ కావలెను గనుక. దిగేవాడు ఎక్కే దారిని ముందే తలచవలెనన్న పాఠం ఆ చిన్న వివరంలో ఇమిడి ఉన్నది.

1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదును ముంచినప్పుడు, నేడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు నూటయాభైమందికి పైగా ప్రాణాలు నిలిపింది. వారిని కాపాడినది ఈత కాదు. పట్టుకొనుటకు దొరికిన కొమ్మ. అదే మూసీ మన యాదాద్రి భువనగిరి జిల్లా గుండా పారుతున్నది. బోరుబావులు వచ్చిన పిమ్మట మన పల్లెలలో ఎన్నో మోటబావులు గోడ కూలి, ముళ్ళకంపలు పెరిగి, నోరు తెరచుకొని ఉన్నవి. వేసవిలో విద్యార్థులు వాటిలోనే ఈతకు దిగుతారు. మేకలు, కుక్కలు వాటిలోనే పడతాయి.

కావున విద్యార్థులకు మా మనవి ఒక్కటే. ఏ నీటిలో దిగినా, దిగకముందు ఎక్కే చోటును చూచుకొనండి, ఒంటరిగా దిగకండి. కళాశాల సంఘ పెద్దలకు కూడా ఒక విన్నపం. సేవాకార్యక్రమాలలో భాగంగా మన చుట్టుప్రక్కల పల్లెలలోని పాడుబావులను విద్యార్థులచే లెక్కింపజేసి, రైతుల అనుమతితో ఒక్కొక్కదానికి చుట్టూ కంచెయో, లోనికి ఒక గట్టి మోకుతాడో ఏర్పాటు చేయించగలిగితే అది గొప్ప మేలు. ప్రకృతి కుక్క పాదానికి పొరను ఇచ్చినది. గట్టును ఇవ్వవలసినవారము మనమే.