వరస పోతే పాట పోయినట్టే: హ్యూస్టన్‌లో కన్నుమూసిన మన జానపద గాయని అనసూయాదేవి

బతుకమ్మ వచ్చినా, గొబ్బెమ్మలు పెట్టినా, మన గ్రూపుల్లో తప్పకుండా వినిపించే మాట ఒకటుంది. "పాట దొరికిందండీ, వరస ఎవరికైనా వచ్చా?" అని. మాటలు ఏ పాత నోటుబుక్కులోనో మిగులుతాయి. వరస మాత్రం పాడే మనిషితోనే వెళ్ళిపోతుంది. అలా వెళ్ళిపోకుండా పట్టుకోవడానికే జీవితం ధారపోసిన మనిషి వింజమూరి అనసూయాదేవి గారు.

ఆవిడ 1920 మే 12న కాకినాడలో పుట్టారు. తల్లి వెంకటరత్నమ్మ గారు ఆ రోజుల్లోనే ఆడవాళ్ళ కోసం 'అనసూయ' అనే పత్రిక నడిపారు. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారికి అనసూయ మేనకోడలు. ఎనిమిదేళ్ళకే గ్రామఫోను రికార్డు ఇచ్చింది ఆ పిల్ల! మనం బళ్ళో పాడుకున్న 'జయ జయ జయ ప్రియ భారత' పాట కృష్ణశాస్త్రి గారిదైతే, దానికి బాణీ మేనకోడలిది. చెల్లెలు సీతాదేవితో కలిసి, పొలాల్లో, తిరగళ్ళ దగ్గర, ఉయ్యాలల పక్కన పాడుకునే పాటల్ని సభలకీ, రేడియోకీ తీసుకెళ్ళారు. 'మా భూమి' సినిమాకి సంగీతం ఇచ్చింది ఈ చెల్లెలే.

అనసూయ గారి చేతి వాద్యం హార్మోనియం. యూరప్ నుంచి వచ్చిన పెట్టె అది, అకార్డియన్‌కి దగ్గరి చుట్టం. రెండింట్లోనూ గాలికి లోహపు రీడ్లు కదిలి పలుకుతాయి. గమకం పలకదని 1940లో ఆకాశవాణి దాన్ని నిషేధించింది. 1971 దాకా రేడియోలో దానికి చోటు లేదు. కానీ వరస పట్టుకునేవాళ్ళకి అదే మంచి తోడు. మెట్టు నొక్కితే స్వరం కదలకుండా నిలబడుతుంది.

జానపద గేయాల సాహిత్యాన్ని బిరుదురాజు రామరాజు, నేదునూరి గంగాధరం వంటి పెద్దలు సేకరించారు. అనసూయ గారు వాటి వరసల్ని స్వరాల్లో రాశారు. తెలుగు జానపదానికి స్వరలిపి ఇచ్చిన మొదటి వ్యక్తిగా ఆవిడకి పేరు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1977లో కళాప్రపూర్ణతో సత్కరించింది. 'భావగీతాలు', 'జానపద గేయాలు' పుస్తకాలు 2008 మహిళా దినోత్సవం నాడు చెన్నైలో వెలువడ్డాయి. అప్పటికి ఆవిడకి ఎనభై ఏడేళ్ళు! 2019 మార్చి 23న హ్యూస్టన్‌లో కన్నుమూశారు. అక్కడే కూతురు రత్నకుమార్ గారు ఏళ్ళ తరబడి అంజలి సంస్థలో పిల్లలకి నాట్యం నేర్పుతున్నారు.

దేశం వదిలొచ్చిన వాళ్ళకి ఈ దిగులు కొత్తది కాదు. ఐర్లండ్ నుంచి వచ్చిన ఫ్రాన్సిస్ ఓనీల్ షికాగోలో పోలీసు అధిపతి. తనలాగే వలస వచ్చినవాళ్ళ దగ్గర వరసలు ఏరి, 1903లో 1,850 బాణీలతో పుస్తకం వేశాడు. తమాషా ఏంటంటే, ఆయనకి స్వరాలు రాయడం రాదు. జేమ్స్ ఓనీల్ అనే ఇంకొకాయన విని రాసిపెట్టాడు.

మనలో చాలామందికీ స్వరాలు రాయడం రాదు. అయితేనేం, చేతిలో ఫోనుంది కదా! ఇండియా నుంచి అమ్మో అత్తయ్యో వచ్చినప్పుడు, లేదా వారాంతం వీడియో కాల్‌లో, ఒక్క పాట పాడించండి. లాలిపాటో, మంగళహారతో, అప్పగింతల పాటో ఏదైనా సరే. గొంతు బాగాలేదు అంటారు, ఊరుకోకండి. మధ్యలో ఆపకుండా మొత్తం పాడనివ్వండి. పాడినవారి పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎప్పుడు పాడేవారు అన్నవి ఆ రికార్డింగు చివర్లోనే చెప్పించండి. అవి లేకపోతే పదేళ్ళ తర్వాత అది ఎవరి పాటో మీ పిల్లలకి తెలీదు. ఒకటికి రెండు చోట్ల దాచండి, ఇంట్లో ఇంకొకరికి పంపండి.

స్వరం రాసేవాళ్ళు రేపైనా దొరుకుతారు. పాడేవాళ్ళు రేపటికి ఉంటారో లేదో!