సముద్రపు గాలికి కాదు, ఉన్ని టోపీకి భయపడాలి

కార్తీకం వచ్చిందంటే ద్రాక్షారామం భీమేశ్వరాలయం ముందు బస్సులూ కార్లూ బారులు తీరతాయి. పంచారామాల యాత్రకని వచ్చినవాళ్ళు దర్శనం కాగానే "ఇంత దూరం వచ్చాం, కాకినాడ వెళ్ళి సముద్రం కూడా చూసేద్దాం" అంటారు. దూరం సుమారు 30 కిలోమీటర్లు. తీరా ఇసుకలో దిగేసరికి అమ్మ చంకలో చంటిబిడ్డ ఉన్ని టోపీ, స్వెటర్, మేజోళ్ళు, వాటి మీద టర్కీ తువ్వాలుతో కనిపిస్తుంది. ముక్కు ఒక్కటే బయట. ఎందుకమ్మా అంటే, "సముద్రపు గాలి సోకుతుంది కదండీ" అని జవాబు. ఈ భయం బిడ్డకి మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తోంది. అందుకే ఇది రాస్తున్నాను.

గాలి సోకి జలుబు రాదు. జలుబుకి కారణం వైరస్. అది ఎక్కువగా మనుషుల చేతుల నుంచి, తుమ్ముల నుంచి, ముద్దుల నుంచి వస్తుంది. బీచిలో బిడ్డకి అసలు గండం వేడి. ఎందుకో కాస్త నిదానంగా చూద్దాం.

సంతర్పణలో గుండిగెడు పాలూ, పక్కన చిన్న గ్లాసుడు పాలూ ఎండలో పెట్టండి. గ్లాసులో పాలే ముందు వేడెక్కుతాయి. ఉన్న పాలు కొంచెం, ఆ కొంచెం పాలతో పోలిస్తే వేడి తగిలే పైభాగం ఎక్కువ. మూడు కిలోల పసికందు చర్మం సుమారు 0.2 చదరపు మీటర్లు, 60 కిలోల పెద్దమనిషిది సుమారు 1.6. కిలోకి ఎంత చర్మమో లెక్క కడితే పసిబిడ్డకి మనకన్నా రెట్టింపు పైచిలుకు వస్తుంది. అంటే బిడ్డ గ్లాసు, మనం గుండిగ. గ్లాసు తొందరగా వేడెక్కినట్టే తొందరగా చల్లారుతుంది కూడా. పుష్య అమావాస్య తెల్లవారుజామున చొల్లంగి తీర్థంలో సముద్రస్నానం చేయించి తడిబట్టలతో ఉంచిన బిడ్డ ఒళ్ళు చల్లబడిపోయేది అందుకే. ఆ చలికి మూలం తడి, ఒక్క గాలినే తప్పుబట్టి లాభం లేదు. నాలుగు చుక్కలు నెత్తిన చల్లి, తుడిచి, పొడిబట్ట వేస్తే పుణ్యానికేమీ లోటు రాదు.

ఇక గ్లాసు మీద మూత పెడితే ఏమవుతుంది? ఆవిరి పోయే దారి మూసుకుపోతుంది. మన ఒంట్లో వేడి చెమటగా వచ్చి, ఆరుతూ ఆరుతూ బయటికి పోతుంది. పసిబిడ్డకి అసలే చెమట తక్కువ. పైగా సముద్రం ఒడ్డున గాలిలో తేమ ఎక్కువ కాబట్టి వచ్చిన ఆ కాస్త చెమటా తొందరగా ఆరదు. దాన్ని ఆరబెట్టేది ఆ కడలి గాలే. ఉన్ని టోపీ వేయడమంటే గ్లాసుకి మూత బిగించడమే. పైగా పసిబిడ్డ శరీరంలో తల వాటా పెద్దది, వేడి అక్కణ్ణుంచి బాగా పోతుంది. సరిగ్గా అక్కడే మనం మూత పెడుతున్నాం. తోపుడు బండి మీద పల్చని గుడ్డ కప్పినా ఇంతే. నీడ ఇస్తున్నామనుకుంటాం, లోపల గాలి ఆడక ఉక్కపోస్తుంది.

"చేతులు చల్లగా ఉన్నాయి చూడండి" అంటారు బామ్మలు. పసిబిడ్డల అరచేతులూ పాదాలూ మామూలుగానే చల్లగా ఉంటాయి, వాటిని బట్టి ఏమీ తేల్చకూడదు. మెడ వెనక, రొమ్ము మీద చెయ్యి పెట్టి చూడండి. అక్కడ వేడిగానో చెమటగానో తగిలితే ఒక బట్ట తీసేయాల్సిందే.

గాలి వేడిని తగ్గిస్తుంది కానీ ఎండలోని అతినీలలోహిత కిరణాలను ఆపలేదు. పొడి ఇసుక వాటిలో దాదాపు 15 శాతాన్ని, అలల నురగ దాదాపు 25 శాతాన్ని తిరిగి పైకి కొడతాయి. అందుకే గొడుగు కింద కూర్చున్నా కింది నుంచి ఎండ తగులుతూనే ఉంటుంది. ఆరు నెలలలోపు బిడ్డకి సన్‌స్క్రీన్ వద్దు. నీడ, పొడుగు చేతుల పల్చని నూలు చొక్కా, అంచున్న నూలు టోపీ చాలు. ఆరు నెలలు దాటాక బట్ట కప్పని చోట మాత్రం పిల్లల సన్‌స్క్రీన్ రాయొచ్చు. ఇంకో సంగతి: మనది తూర్పు తీరం. సాయంత్రం సూర్యుడు ఊరి వైపు ఉంటాడు, గొడుగు అటు వాల్చాలి. చాలామంది సముద్రం వైపు వాల్చి బిడ్డని ఎండలోనే కూర్చోబెడతారు.

ఏ తీరానికి వెళ్ళాలన్నదీ ముఖ్యమే. గోదావరి మోసుకొచ్చిన మట్టీ ఇసుకా పేరుకుని కాకినాడ ముందు హోప్ ఐలాండ్ పొడుగాటి గోడలా ఏర్పడింది. బంగాళాఖాతపు అలల జోరుని అది అడ్డుకుంటుంది కనుకే లోపలి కాకినాడ అఖాతం అంత నెమ్మదిగా ఉంటుంది. ఆ అడ్డు దాటి ఉత్తరాన ఉప్పాడ వెళ్తే సముద్రం ఒడ్డునే కోసేస్తోంది. అంతర్వేదిలో వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేచోట నీటి లాగుడు ఎక్కువ. అక్కడ గుడిలో దర్శనం చేసుకోండి, బిడ్డతో నీళ్ళలోకి మాత్రం దిగకండి.

దాహం సంగతి. ఆరు నెలలలోపు బిడ్డకి ఎంత ఎండలోనైనా తల్లిపాలే. పాలలో దాదాపు 88 శాతం నీరే ఉంది, మాటిమాటికీ పట్టడమే మందు. మంచినీళ్ళూ గ్లూకోజు నీళ్ళూ కోనసీమ కొబ్బరినీళ్ళూ ఏవీ వద్దు. నీళ్ళు ఎక్కువైతే పసి మూత్రపిండాలు తట్టుకోలేవు, రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ రావచ్చు. డబ్బాపాలు తాగే బిడ్డకి పాలు డబ్బా మీద రాసిన కొలతకే కలపాలి, ఎండ అని పల్చన చేయకూడదు. ఆరు నెలలు దాటినవాళ్ళకి కాచి చల్లార్చిన నీళ్ళు కొద్దికొద్దిగా పట్టొచ్చు.

సంచిలో సర్దుకోవాల్సినవి: పెద్ద గొడుగు, పరవడానికి పాత నూలు చీర, రెండు జతల పొడిబట్టలు, డైపర్లు, థర్మామీటర్, కడగడానికి ఇంటి నుంచి రెండు సీసాల మంచినీళ్ళు. ఈ నీళ్ళ అవసరం బిడ్డ మొలతాడు ఎత్తి చూస్తే తెలుస్తుంది. ఉప్పునీళ్ళకి తడిసిన నల్లతాడు కింద ఇసుక ఇరుక్కుని చర్మాన్ని గీరేస్తుంది, ఇంటికొచ్చేసరికి నడుం చుట్టూ ఎర్రటి గీత పడుతుంది. ఆ పూటకి తాడు విప్పేయండి. దిష్టి పేరుతో కళ్ళకి కాటుక పెట్టకండి, కొన్ని కాటుకల్లో సీసం ఉంటుంది. దిష్టి ఇంతవరకు ఏ బిడ్డకీ వడదెబ్బ తెప్పించలేదు, కాటుక దాన్ని ఆపనూ లేదు.

ఎండ తగ్గాక మూడున్నర, నాలుగు ప్రాంతంలో చేరి, చీకటి పడకముందే బయల్దేరండి. వేసవిలో ఇంకాస్త ఆలస్యంగా వెళ్ళండి. ఆగిన కారులో బిడ్డని నిమిషమైనా వదలొద్దు. బిడ్డ మగతగా ఉన్నా, పాలు పట్టకపోయినా, గంటల తరబడి ఉచ్చ పోయకపోయినా నీడకి తెచ్చి, బట్టలు విప్పి, మామూలు నీళ్ళతో ఒళ్ళు తుడుస్తూ 108కి ఫోన్ చేయండి. మూడు నెలలలోపు బిడ్డకి జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ గానీ ఆపైన గానీ చూపిస్తే తెల్లారేదాకా ఆగకుండా డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళాలి. ఇవన్నీ గమనించేందుకు ఒక మనిషి కావాలి. పదిమంది కలిసి వెళ్ళినచోట బిడ్డ ఎవరో ఒకరి దగ్గర ఉందిలే అని అందరూ అనుకుంటారు. ఈ పూట బిడ్డ ఎవరిదో ఇంటి దగ్గరే తేల్చుకోండి. వాళ్ళు నీళ్ళలోకి దిగకూడదు, ఫోన్ పట్టుకోకూడదు. గంటకొకరు మారితే అందరికీ సముద్రం దక్కుతుంది.