గుట్టమన్నును యూరియా బస్తాయు

గోదావరిఖని ప్రాంతమున ఓపెన్‌కాస్టు గనుల చెంత ఏటికేడు పెరుగుచున్న ఓబీ (ఓవర్‌బర్డెన్) గుట్టలను చూచినవాడెవ్వడును ఇచట మంటికి కొదువయున్నదని తలంపజాలడు. అయినను బొగ్గుపొరపై నున్న ఇసుకరాతిని పేల్చి, త్రవ్వి, ఎత్తిపోసిన ఆ రాశిలో ఖనిజములు ఎన్ని యున్నను నత్రజని నామమాత్రమే. ఆకులలములు కుళ్ళి, వానపాములును సూక్ష్మజీవులును వేలయేండ్లు శ్రమించి కూర్చిన పైమన్ను, ముందుగా వేఱుచేసి దాచనిచో, గుట్ట యడుగున కప్పువడిపోవును. అట్టి గుట్టపై యూరియా చల్లినను, దానిని పట్టి నిలుపు జీవపదార్థము లేనందున, తొలివానకే చాలవఱకు కొట్టుకొనిపోవును.

ఆ యూరియాయు ఈ సీమలోనే పుట్టుచున్నది. రామగుండమున 1980లో ఉత్పత్తి నారంభించిన కర్మాగారము నేలబొగ్గునే వాయువుగా మార్చి, అందలి ఉదజనిని గాలిలోని నత్రజనితో కలిపి అమోనియాను, దానినుండి యూరియాను చేయుచుండెను. అది 1999లో మూతవడెను. సహజవాయువుతో నడచు నేటి కర్మాగారము 2021లో ఉత్పత్తికి వచ్చెను. దీని సామర్థ్యము ఏటికి 12.7 లక్షల టన్నులు. రసాయనజ్ఞుడు హేబరు కనుగొనగా బాష్ 1913 నాటికి జర్మనీలో పరిశ్రమగా నిలిపిన ఈ అమోనియా తయారీ ప్రక్రియకు 400 డిగ్రీలకు మించిన వేడిమియు, గాలి ఒత్తిడికి నూరురెట్లు మించిన ఒత్తిడియు కావలెను. పచ్చిరొట్ట పైరైన జీలుగ వేళ్ళ బుడిపెలలోని బాక్టీరియా ఆ పనినే నేలవేడిమిలో నిర్వహించుచున్నది; రసాయనజ్ఞులకిది నేటికిని ఒకింత అసూయ గొలుపు విషయమే.

45 కిలోల యూరియా బస్తాలో నత్రజని ఇంచుమించు 21 కిలోలు. శ్రీరామసాగరు కాలువల క్రింది పెద్దపల్లి వరిమళ్ళలో రైతు దానిని చల్లిన కొలది దినములకే నేలలోని యూరియేజు అను ఎంజైము యూరియాను అమోనియాగా విడగొట్టును. పగటివేళ మడినీటిలోని పాచి ఎండకు బొగ్గుపులుసు వాయువును పీల్చుకొనగా నీటికి క్షారగుణము హెచ్చి, అమోనియాలో కొంత గాలిలో కలియును. మిగిలినదానిలో కొంత నైట్రేటుగా మారి బావులలోనికి దిగును. కొంత, గాలి చొరని బురదలో, నైట్రస్ ఆక్సైడుగా వెలువడును. భూతాపమును పెంచుటలో ఇది బొగ్గుపులుసు వాయువునకు దాదాపు 270 రెట్లు బలమైనది. వరికి దక్కునది తఱచుగా సగమునకు లోబడియే యుండును. ఈ నష్టమును తగ్గించుటకే 2015లో యూరియాకు వేపనూనె పూతను తప్పనిసరి చేసిరి. వేపలోని పదార్థములు నైట్రేటుగా మారు వేగమును మందగింపజేయును.

యూరియాను మితిమీరి చల్లుటలో తప్పు రైతుదని నేననను. 2010 తరువాత భాస్వరము, పొటాషు ఎరువుల ధరలు పెరుగగా, యూరియా మాత్రము ప్రభుత్వము నిలిపిన చౌకధరకే లభించుచుండెను; చౌకయైనదానిని ఎక్కువగా చల్లుట లోకసహజము. ఫలితముగా పైరు నల్లబాఱునంత పచ్చగా ఏపుగా నెదిగి, దోమపోటునకును అగ్గితెగులునకును లోనగుచున్నది.

నాట్లకు ముందు జీలుగ చల్లి, పూతకు వచ్చువేళ, అనగా సుమారు 45 దినములకు, మడిలోనే కలియదున్నిన పొలమునకు యూరియా బొత్తిగా అక్కరలేదని కాదు. తగ్గించిన మోతాదును ఒక్కసారిగాక మూడు దఫాలుగా, నీటిని తీసివేసి, బురదపదునున వేసినచో సరిపోవును.