పన్ను కాగితాలు ఎవరి చేతికి ఇవ్వాలి?

అక్కా, గుంటూరు పచ్చళ్లు హైదరాబాదు షాపులకి అమ్ముతున్నారా? 2014 నుంచి అది వేరే రాష్ట్రం. చిన్న వ్యాపారమైనా జి.ఎస్.టి. నంబరు తీసుకోవాలి. నంబరుకి సర్కారు ఫీజు లేదు. అడిగేది రాసిపెట్టే వారి కూలి. ఎంతో ముందే మాట్లాడుకోండి.

ఎవరు రాసిపెడతారు? చార్టర్డ్ అకౌంటెంటు, లేదా జి.ఎస్.టి. ప్రాక్టీషనరు. ప్రాక్టీషనరుకి సర్కారు సర్టిఫికెట్ ఇస్తుంది. చూపించమనండి. మొహమాటం ఎందుకు? చదవడం వచ్చు గదా!

అసలు సంగతి ఇది. లెక్క వాళ్లు రాసినా, తప్పు పడితే చట్టం మిమ్మల్నే అడుగుతుంది. ఫోనుకి ఓటీపీ వస్తే, దేనికో తెలియకుండా చెప్పొద్దు. పంపిన లెక్క కాపీ, డబ్బు కట్టిన రసీదు తెచ్చుకోండి. మీ లెక్కల పుస్తకంతో సరిచూడండి. మా కేంద్రానికి వచ్చే ఒక అక్క అలా చూసే, ఒక సున్నా ఎక్కువ పడిందని పట్టుకుంది.