పర్మిసిబుల్

పర్మిసిబుల్ అనేది ఆంగ్ల భాషలోని ఒక విశేషణం. ఒక చట్టం, నియమం లేదా ప్రమాణం ప్రకారం "అనుమతించదగినది" అని దీని అర్థం. ఈ పదం సంభాషణలో అరుదుగాను, చట్టాలు, ఉత్తర్వులు, శాస్త్ర గ్రంథాలలో తరచుగాను కనిపిస్తుంది. దీనికి వ్యతిరేక పదం ఇంపర్మిసిబుల్.

వ్యుత్పత్తి

దీని మూలం లాటిన్ భాషలోని పెర్మిట్టెరే అనే క్రియ. పోనిచ్చుట, విడుచుట అని దాని అర్థం. పర్మిట్, పర్మిషన్ అనే పదాలు కూడా ఈ క్రియ నుండి వచ్చినవే.

అర్థభేదాలు

ఒకే మూలం గల మూడు విశేషణాలను విద్యార్థులు తరచుగా ఒకదానికొకటిగా వాడుతుంటారు.
* పర్మిటెడ్ - అనుమతి ఇవ్వబడినది.
* పర్మిసిబుల్ - అనుమతించుటకు వీలైనది.
* పర్మిసివ్ - ఉదారంగా అనుమతించే స్వభావం గలది.

మొదటి రెండూ అనుమతి పొందే విషయాన్ని, మూడవది అనుమతించే వ్యక్తిని లేదా వ్యవస్థను తెలుపుతాయి. పర్మిసిబుల్ అనే పదాన్ని సాధారణంగా పనులకు, వస్తువులకు, పరిమాణాలకు వాడతారు, మనుషులకు వాడరు.

వాడుక

పర్మిసిబుల్ అన్నంత మాత్రాన మంచిది, వాంఛనీయం అని అర్థం కాదు. దీనికి చక్కని ఉదాహరణ తాగునీటికి సంబంధించిన భారతీయ ప్రమాణం (ఐ.ఎస్. 10500). 2012 నాటి ఈ ప్రమాణం ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము వరకు ఉండటం అంగీకార పరిమితి. 1.5 మిల్లీగ్రాములు పర్మిసిబుల్ పరిమితి. అయితే ఈ రెండవ పరిమితి వేరొక నీటి వనరు లేనిచోట మాత్రమే వర్తిస్తుంది. అది కూడా దాటితే ఆ వనరును విడిచిపెట్టవలసిందే. నైట్రేటు విషయంలో 45 మిల్లీగ్రాములు దాటితే ఎటువంటి సడలింపు లేదు. అంటే ఇక్కడ పర్మిసిబుల్ అనగా "గత్యంతరం లేనప్పుడు సహించదగినది" అని మాత్రమే. ఫ్లోరోసిస్ వ్యాధితో దీర్ఘకాలం బాధపడిన నల్గొండ, ప్రకాశం జిల్లాల వంటి ప్రాంతాల వారు నీటి పరీక్ష నివేదికను చదివేటప్పుడు ఈ తేడాను గమనించడం అవసరం.

తెలుగు సమానార్థకాలు

అనుమతించదగిన, అనుమతింపదగు అనే రూపాలను వాడవచ్చు. తెలుగులో "తగిన" అనే మాటకు "యోగ్యమైన" అనే అర్థం కూడా ఉన్నందున, పరిమితుల విషయంలో "గరిష్ఠ అనుమతి పరిమితి" అని వ్రాస్తే అపార్థానికి తావుండదు.