పార్శ్వ అవటు గ్రంథులు: నామం, విధి – పరిశీలన

కీలకపదాలు: పారాథైరాయిడ్, అవటు గ్రంథి, కాల్షియం, టెటనీ, పారిభాషికపదం.

1. ఉపోద్ఘాతం

తెలుగు పాఠ్యగ్రంథాలలో థైరాయిడ్‌ను అవటు గ్రంథి అనీ, పారాథైరాయిడ్‌ను పార్శ్వ అవటు గ్రంథి అనీ వ్యవహరిస్తారు. గ్రీకు మూలాన్ని బట్టి థైరాయిడ్ అంటే డాలు ఆకారం గలది. 'పారా' అంటే పక్కన ఉన్నది. సంస్కృతంలో 'అవటు' శబ్దానికి మెడ వెనుక భాగమని అర్థం. ఈ పేర్లన్నీ ఆకారాన్నో, స్థానాన్నో చెబుతున్నాయే గాని విధిని చెప్పడం లేదు. అందువల్ల పారాథైరాయిడ్ గ్రంథులు థైరాయిడ్‌కు అనుబంధాలనే భ్రమ కలుగుతుంది. వాటి విధి స్వతంత్రమైనదని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. గుర్తింపు చరిత్ర

లండన్ జంతు ప్రదర్శనశాలలో మరణించిన ఒక భారతీయ ఖడ్గమృగం దేహాన్ని పరీక్షించిన రిచర్డ్ ఓవెన్, థైరాయిడ్‌ను అంటి ఉన్న చిన్న గ్రంథిని 1850లో ప్రస్తావించాడు. స్వీడన్‌లోని ఉప్సాలాలో వైద్యవిద్యార్థిగా ఉన్న ఇవార్ సాండ్‌స్ట్రోమ్ మానవులలో వీటిని గుర్తించి, 1880లో ప్రస్తుత నామాన్ని ఇచ్చాడు. అయితే వీటి విధి అప్పటికి తెలియదు.

ఆ రోజుల్లో గలగండానికి చికిత్సగా థైరాయిడ్‌ను పూర్తిగా తొలగించినప్పుడు కొందరు రోగులు కండరాల కొంకర్లతో ప్రాణాపాయానికి లోనయ్యేవారు. థైరాయిడ్ లేకపోవడమే అందుకు కారణమని భావించారు. ఆ కొంకర్లకూ ఈ చిన్న గ్రంథుల తొలగింపుకూ సంబంధం ఉందని 1891లో యూజీన్ గ్లే ప్రయోగాలు సూచించాయి. కాల్షియం ఇస్తే అవి తగ్గుతాయని 1909లో మెక్‌కల్లమ్, వోగ్ట్‌లిన్ నిరూపించారు.

3. స్థానం, విధి

సాధారణంగా ఇవి నాలుగు. థైరాయిడ్ వెనుక తలానికి అంటుకొని, ఒక్కొక్కటి బియ్యపుగింజ పరిమాణంలో ఉంటాయి. థైరాయిడ్ పీయూష గ్రంథి ప్రేరణతో పనిచేస్తుంది. పారాథైరాయిడ్ కణాలు రక్తంలోని కాల్షియం స్థాయిని స్వయంగా గ్రహిస్తాయి. స్వాతంత్ర్యానికి ఇదే ప్రధాన నిదర్శనం.

దేహంలోని కాల్షియంలో దాదాపు 99 శాతం ఎముకలలో, దంతాలలో ఉంటుంది. రక్తంలో అది డెసిలీటరుకు సుమారు 8.5 నుండి 10.5 మిల్లీగ్రాముల మధ్య నిలవాలి. ఆ స్థాయి తగ్గగానే, 84 అమైనో ఆమ్లాలు గల పారాథైరాయిడ్ హార్మోన్ ఎక్కువగా విడుదలవుతుంది. అది ఎముకల నుండి కాల్షియాన్ని రక్తంలోకి రప్పిస్తుంది. మూత్రపిండాలలో కాల్షియాన్ని నిలిపి, ఫాస్ఫేట్‌ను విసర్జింపజేస్తుంది. అక్కడే విటమిన్-డిని క్రియాశీల రూపంలోకి మార్చి, తద్వారా పేగులలో కాల్షియం శోషణను పెంచుతుంది. కాల్షియం తగినంత చేరగానే స్రావం తగ్గుతుంది.

4. లోపం, ఆధిక్యం

ఈ హార్మోన్ లోపిస్తే నాడులు, కండరాలు అతిగా ఉద్రేకం చెందుతాయి. పెదవుల చుట్టూ తిమ్మిరి, చేతివేళ్లు కొంకర్లు పోవడం, తీవ్రస్థితిలో మూర్ఛ కనిపిస్తాయి. దీనిని టెటనీ అంటారు. సూక్ష్మజీవి వల్ల వచ్చే ధనుర్వాతం, అనగా టెటనస్, దీనికంటె వేరు. హార్మోన్ అధికమైతే ఎముకలు బలహీనపడతాయి. మూత్రపిండాలలో రాళ్లు ఏర్పడవచ్చు.

5. ముగింపు

పేరు పక్కన ఉన్నదని చెప్పినా, థైరాయిడ్ చేయని పనిని ఈ గ్రంథులు చేస్తాయి. అందుకే నేడు శస్త్రచికిత్సకులు థైరాయిడ్‌ను తొలగించేటప్పుడు వీటిని వెతికి కాపాడతారు. రక్తప్రసరణ దెబ్బతిన్న గ్రంథిని మెడ కండరంలో తిరిగి నాటుతారు. పారిభాషికపదాన్ని మార్చనవసరం లేదు. అయితే బోధనలో 'పార్శ్వ' శబ్దం స్థానసూచకం మాత్రమేనని, అనుబంధసూచకం కాదని స్పష్టం చేయడం అవసరం.