త్రాసు సరిగా ఉందా?

న్యాయాధిపతుల గ్రంథము 12వ అధ్యాయములో ఒక నోటి పరీక్ష ఉన్నది. యొర్దాను రేవులయొద్ద గిలాదువారు దాటవచ్చిన వానిచేత "షిబ్బోలెతు" అని పలికించేవారు. "సిబ్బోలెతు" అన్నవాడు ఎఫ్రాయిమీయుడని పట్టుబడి చంపబడేవాడు. ఆ కాలమున కూలినవారు 42,000 మంది. పలుకును బట్టి మనిషికి తీర్పు తీర్చడం అంత పాతది. అలాంటి తీర్పు బడిపిల్లల మీద కూడా పడింది.

అమెరికాలోని కాలిఫోర్నియాలో మెక్సికో సంతతి కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వారిలో అనేకులు ఇంట్లో మాట్లాడేది స్పానిష్. అటువంటి ఇళ్ల పిల్లలు తొమ్మిదిమందికి బడివారు తెలివితేటల పరీక్షను ఇంగ్లీషులో పెట్టారు. మార్కులు తగ్గగానే మందబుద్ధులని తేల్చి వేరే తరగతిలో కూర్చోబెట్టారు. తల్లిదండ్రులు ఊరుకోక కోర్టుకు వెళ్లారు. స్పానిష్ తెలిసినవారు మరల పరీక్షించగా, వారిలో ఎక్కువమంది ఆ తరగతిలో ఉండవలసినవారే కారని తేలింది. "డయానా కేసు"గా పేరుపొందిన ఈ వ్యాజ్యం 1970లో ఒప్పందంతో ముగిసింది. ఇకపై పిల్లలను ఇంటి భాషలోనూ ఇంగ్లీషులోనూ పరీక్షించాలి. అప్పటికే ఆ తరగతులలో ఉన్నవారిని తిరిగి పరీక్షించాలి.

1974లో శాన్‌ఫ్రాన్సిస్కో చైనీయుల పిల్లల కేసులో అమెరికా సుప్రీంకోర్టు మరొక మాట తేల్చింది. ఇంగ్లీషు అర్థంకాని పిల్లలకు మిగతావారితోపాటు అవే పుస్తకాలు, అదే ఉపాధ్యాయుడు ఉన్నంత మాత్రాన సమానత్వం కలుగదు.

అయితే ఇంగ్లీషు పరీక్షే తప్పా? కాదు. ఇంగ్లీషు ఎంత వచ్చునో తెలుసుకోవాలంటే ఇంగ్లీషులోనే అడగాలి. కాని లెక్కలు, సైన్సు పరీక్షించేటప్పుడు భాష అడ్డుగోడ కారాదు. తూకం తగ్గినప్పుడు ధాన్యాన్ని తప్పుపట్టక ముందు త్రాసును చూస్తాము గదా! సులువైన మాటలతో ప్రశ్న వ్రాయడం, కఠిన పదాలకు అర్థాలివ్వడం, కొంత సమయం ఎక్కువివ్వడం ఇవన్నీ త్రాసును సరిచేయడమే. జవాబు చెప్పివ్వడం కాదు.

తల్లిదండ్రులారా, తెలుగు మీడియంలో చదివి ఇంగ్లీషు మీడియంలో చేరిన మీ బిడ్డకు లెక్కలలో మార్కులు తగ్గాయా? కోప్పడకండి. అదే ప్రశ్నను తెలుగులో చదివి వినిపించండి. అప్పుడు లెక్క చేయగలిగితే లోపం తెలివిలో లేదు, ఇంగ్లీషులో ఉన్నది. ఆ సంగతి ఉపాధ్యాయునికి చెప్పండి. "మొద్దు" అన్న మాట మాత్రం ఇంట్లో వినబడనీయకండి.